గిన్నె తిరిగే ఊళ్లు

రాజమండ్రి నుంచి ఎవరైనా పటాన్‌చెరు వైపు వెళ్తే ఉద్యోగం కోసం వెళ్తారు, లేకపోతే అక్కడ ఉద్యోగం చేసే అల్లుడింటికి వెళ్తారు. నాకు అల్లుడు లేడు. ఉద్యోగం ఇక్కడే పాలిటెక్నిక్ కాలేజీలో ఉంది. నేను వెళ్లింది నేను రాసిన ఒక ప్రోగ్రాము అక్కడ ఎలా బతుకుతోందో చూడడానికి. ఈ మాట చెబితే మా స్టాఫ్‌రూంలో నవ్వారు. నవ్వినవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ముందు ఆ ప్రోగ్రాము సంగతి చెప్పాలి. మామూలు కంప్యూటర్లకు సాఫ్ట్‌వేర్ హోటల్ పార్సిల్‌లాగా తయారై వస్తుంది. మేం కొందరం కలిసి నడుపుకునే ఆపరేటింగ్ సిస్టం అలా కాదు. అది బియ్యం, పప్పు, వండే పద్ధతి ఇచ్చి ఊరుకుంటుంది. అంటే మనుషులు రాసిన సోర్స్ కోడ్‌ను ఇస్తుంది. దాన్ని ఎవరి కంప్యూటర్ మీద వాళ్లు నడిచే ప్రోగ్రాముగా మార్చుకోవాలి. అందుకే దానికి ‘పొయ్యి’ అని పేరు పెట్టుకున్నాం. కంపెనీలు పనికిరావని వదిలేసిన పాత కంప్యూటర్లకు సరిపడేట్టు, అక్కర్లేనివి తీసేసి, తెలుగు చక్కగా కనబడేట్టు వండుకోవడం దీంతో కుదురుతుంది. కాకపోతే పాత కంప్యూటర్ మీద ఆ వంటకు గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది.

మొదట్లో వండినవాటిని ఒక సర్వర్‌లో పెట్టి అందరికీ పంచేవాళ్లం. ఆ సర్వర్ ఉచితంగా ఇచ్చినవాళ్లు ఒకనాడు వెనక్కి తీసేసుకున్నారు. ఆ కోపంతో నేను రాసిందే ‘గిన్నె’. ఒక ఇంట్లో వండింది మధ్యలో ఏ సర్వరూ లేకుండా నేరుగా ఇంకో ఇంటి కంప్యూటర్‌కు వెళ్తుంది. అందుకున్న ఇల్లు మరో ఇంటికి పంచుతుంది. ఎవరి దయా అక్కర్లేదు.

ఈ ప్రయాణానికి పిలిచింది స్వరూప. గుమ్మడిదల మండలంలోని ఒక ఊళ్లో పంచాయతీ గదిలో ఆడవాళ్లకు కంప్యూటర్ నేర్పుతుంది. నేర్చుకున్నవాళ్లు మందుల ఫ్యాక్టరీల్లో స్టోర్సులో, ఆఫీసులో పనికి వెళ్తారు. ఒక ఫ్యాక్టరీ తుక్కుకు వేయబోయిన కంప్యూటర్లను అడిగి తెచ్చుకుంది. ఇప్పుడు ఆ గదిని ఎరువుల డీలరు ఒకాయన బస్తాలు పెట్టుకోవడానికి అడుగుతున్నాడు. పంచాయతీకి కిరాయి వస్తుంది. “ఆదివారం నాకు అన్నీ నడిపిచ్చి సూపియ్యి, లేకుంటే గది ఆయనకిస్త” అని సర్పంచ్ నర్సమ్మ చెప్పేసింది. “మేడం, మీరు జెర పక్కన నిలబడితే నాకు ధైర్యం” అని స్వరూప ఫోన్ చేస్తే బ్యాగు సర్దుకున్నాను.

సంగారెడ్డి: మిరపకాయల మధ్య

శుక్రవారం పొద్దున సంగారెడ్డిలో దిగేసరికి రోడ్డు పక్కన జామకాయల బండ్లు కనబడ్డాయి. మా గోదావరి జామకాయల మీద నాకున్న అభిమానం చిన్నదేమీ కాదు. అయినా ఉప్పూ కారం చల్లి చేతిలో పెట్టిన ఆ కాయ కొరికాక ఆ అభిమానాన్ని కాస్త పక్కన పెట్టాను. “ఎట్లుందమ్మా?” అంది బండి ఆవిడ. బావుందన్నాను. “బాగుంటే ఇంకో రెండు తీస్కో” అని తనే సంచిలో వేసేసింది. మా వైపు బేరమాడందే కొన్నట్టుండదు. ఇక్కడ నేను నోరు తెరిచేలోగా బేరం ముగిసిపోయింది.

అక్కడ నేను కలవాల్సిన విశ్వనాథం గారిది తరతరాల ధాన్యం వ్యాపారం. కందులు, మినుములు, ఎండుమిర్చి కొంటారు, అమ్ముతారు. బజారంతా ఆయన్ని సేటు అంటుంది. గల్లాపెట్టె పక్కన, మిరపకాయల ఘాటులో, బిల్లులు కొట్టే పాత కంప్యూటర్ ఒకటుంది. అందులో మా పొయ్యి ఉంది. కొట్టు తెరిచి ఉన్నంతసేపూ అది బిల్లులు కొడుతూ, ఖాళీ దొరికినప్పుడల్లా ఎవరికో ఒకరికి ఏదో ఒకటి వండుతుంది. నేను దాన్ని తుమ్ములతో పలకరించాను. సేటు గారు నవ్వి చాయ్ తెప్పించారు.

“మీ గిన్నెల నాకు నచ్చిందేందంటే మేడం, ఒక్కని మాట మీద నడ్వది,” అన్నారాయన. “రైతు సరుకు తెస్తడు, నేను నా కాంటా మీద తూస్త. నా మీద నమ్మకం లేదనుకో, ఎదురు దుకాణంల తూపిచ్చుకుంటడు. రెండు కాంటాలు ఒక్కతీర్గ జెప్తే ఇగ లొల్లే లేదు.”

గిన్నెకున్న ఒకే ఒక నియమం అదే. ఒకే ప్రోగ్రామును రెండిళ్లు వేరువేరుగా వండాలి. రెండూ అక్షరం తేడా లేకుండా సరిపోలితేనే మూడో ఇల్లు తీసుకోవాలి. దారిలో ఎవరూ ఏమీ కలపలేదని అదొక భరోసా. దీన్ని ఇక్కడివాళ్లు ‘రెండిళ్ల మాట’ అంటున్నారని సేటు గారి నోట విన్నాను. నేను పెట్టిన పేరు కాదది. ప్రోగ్రాములో దానికి నేను పెట్టిన పేరు పలకడానికే కష్టం. ఇది ఎంత బాగుందో! చెప్పొద్దూ, ఆ కొట్లో ధనియాల బస్తా మీద కూర్చుని నాలో నేను బాగా మురిసిపోయాను.

వెలిమెల: ఆవకాయ, రెండు కంప్యూటర్లు

పటాన్‌చెరు నుంచి షేర్ ఆటో ఎక్కాను. మా ఊళ్లో కొత్త మనిషి కనబడితే “ఎవరమ్మాయివి?” అంటారు. ఇక్కడ డ్రైవర్ నుంచి పక్క సీటావిడ దాకా అందరిదీ ఒకటే ప్రశ్న: “ఏ కంపెనీ మేడం?” ఏ కంపెనీ కాదంటే జాలిగా చూశారు. పని దొరకలేదనుకుని పక్క సీటావిడ తను పనిచేసే చోట ప్యాకింగ్‌లో ఖాళీలున్నాయని అడ్రసు కూడా చెప్పింది.

వెలిమెలలో మా పొయ్యి వాడే ప్రసాదరావు గారింట్లో బస. తెనాలి నుంచి ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి, రిటైరై, ఊరి చివర కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లలో స్థిరపడ్డారు. ఇన్నేళ్లయినా ఆవకాయ మాత్రం తెనాలి నుంచే రావాలి. ఆయన భార్య సుబ్బలక్ష్మి గారు వడ్డిస్తూ, “ఫ్యాక్టరీలో ఉన్నన్నాళ్లూ ఇంటికి ఆలస్యం. ఇప్పుడు ఇంట్లోనే ఉండి అన్నానికి ఆలస్యం” అన్నారు.

ఆయన కొత్త కంప్యూటర్ చూపించడానికి తొందరపడుతున్నారు. చాలా గట్టి మెషిన్. “మిగతావాళ్లు రెండ్రోజులు వండేది నేను ఒక్క పూటలో దించేస్తానమ్మా,” అన్నారు. “స్వరూప సెంటరుకి కావలసినవన్నీ నిన్ననే వండేశాను. రెండో మాట కూడా పడిపోయింది. రేపు ఎక్కించుకోవడమే.”

భోజనం అయ్యాక హాల్లో ఆయన టేబులూ, పక్క గదిలో సుబ్బలక్ష్మి గారి టేబులూ చూశాను. ఆవిడ దగ్గర కూడా అచ్చం అలాంటి కంప్యూటరే ఉంది. ఇద్దరూ ఒకే రోజు కొన్నారట. ముచ్చటపడ్డాను తప్ప ఇంకేమీ ఆలోచించలేదు.

గుమ్మడిదల దారి: తెరుచుకుని మూసుకున్న కిటికీలు

శనివారం స్వరూప బండి మీద వచ్చి తీసుకెళ్లింది. రోడ్డుకు ఒకవైపు మక్కజొన్న చేలు, ఇంకోవైపు ఫ్యాక్టరీ గోడలు. పంచాయతీ గది చిన్నదే కానీ అద్దంలా ఉంది. కంప్యూటర్ల మీద ఆడవాళ్లు తామే కుట్టిన గుడ్డ కవర్లు. పాఠం కోసం వచ్చినవాళ్లు నన్ను చూసి లేచి నిలబడితే గొప్పగా అనిపించి, ఆ వెంటనే సిగ్గుగానూ అనిపించింది.

ప్రసాదరావు గారు వండినవన్నీ గిన్నెలో వచ్చి చేరాయి. ఎక్కించాం. టైపింగ్ ప్రోగ్రాము తెరిస్తే కిటికీ తెరుచుకుని టక్కున మూసుకుంది. లెక్కల ప్రోగ్రాము కూడా అంతే. పక్క కంప్యూటరూ అంతే. వరసగా అన్నీ అంతే. 

“ఏందక్కా గిది?” అంది స్వరూప. అప్పటిదాకా మేడం అన్న పిల్ల కంగారులో అక్కా అంది.

కాసేపు తవ్వితే సంగతి బయటపడింది. ప్రసాదరావు గారు ఒక సెట్టింగు మార్చారు. ఈ మెషిన్ ప్రాసెసర్‌కు ఎన్ని విద్యలు వస్తే అన్నీ వాడుకుని వండు అని అర్థం దానికి. తన మెషిన్ మీద తనే వాడుకుంటే ప్రోగ్రాములు ఇంకా చురుగ్గా నడుస్తాయి. కానీ ఈ పాత కంప్యూటర్లకు ఆ కొత్త విద్యలు రావు. తెలియని ఆజ్ఞ ఎదురవగానే ప్రోగ్రాము చచ్చిపోతోంది.

మరి రెండిళ్ల మాట ఎలా పడింది? ఫోన్ చేశాను. కోపంగానే చేశాను.

“రెండో ఇల్లు ఎవరిదండీ?”

“మా ఆవిడదేనమ్మా. ఆవిడ కంప్యూటర్లో కూడా అదే సెట్టింగ్ పెట్టాను. రెండూ చక్కగా సరిపోలాయి.”

“ప్రసాదరావు గారూ, కంప్యూటర్లు రెండు కానీ ఇల్లు ఒకటే కదండీ!”

 గిన్నె లెక్కపెట్టేది కంప్యూటర్లనే; ఆ రెండూ ఒకే కప్పు కింద ఉన్నాయని దానికేం తెలుసు? ఆయన్ని తిట్టాలనుకున్న తిట్లలో సగం నాకే తగిలాయి. “ఇప్పుడే పాత పద్ధతిలో మళ్లీ వండుతాను. సాయంత్రానికి దించుతాను. ఏమనుకోకండమ్మా” అన్నారాయన. అన్నట్టే చేశారు కూడా.

కానీ రెండో ఇల్లు కావాలి. గడువు రేపు మధ్యాహ్నం. “ఆయన వండినవి ఈసారికి ఒక్క మాట మీదే ఎక్కించుకుందాం, నియమం నేను పెట్టిందేగా, ఆపడం నాకొచ్చు” అన్నాను.

“వద్దక్కా,” అంది స్వరూప. “ఇప్పుడు అట్ల ఎక్కిచ్చుకునే గదా పరేషాన్ అయింది? రేపు నర్సమ్మక్క ముంగట మల్ల ఆగిపోతే నేనేం జెప్పాలె? రెండో ఇల్లు దేవులాడుదాం.”

నా నియమాన్ని నాకే అప్పజెప్పింది. కోపం రావాల్సింది, రాలేదు.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పుంటికూర తిన్నాం. పుంటికూర అంటే మా గోంగూరే. మేం దాన్ని పచ్చడి చేసి పేరు మోశాం. వీళ్లు పప్పులో వేసి, రొట్టెతో తిని, పేరు గురించి పట్టించుకోరు. తింటూనే స్వరూప రెండు ఫోన్లు చేసింది. మొదటిది సంగారెడ్డి సేటు గారికి. శనివారం ఆయనకు గిరాకీ బాగా ఉండే రోజు. “బిల్లులు చేతితోని రాస్త తియ్ బిడ్డా, కంప్యూటర్ మొత్తం నీకే” అన్నారాయన. సేటు గారిదొక్కటే అన్నీ వండలేదు. రెండో ఫోన్ బొల్లారానికి.

బొల్లారం: షిఫ్టుకు పోని మనిషి

బొల్లారంలో యాదగిరి ఒక మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపరేటర్. ఇంకో ముగ్గురితో ఒకటే రూము. అందరివీ వేరువేరు షిఫ్టులు కాబట్టి మంచాలు తక్కువైనా ఇబ్బంది లేదు. ఒకరు లేస్తే ఒకరు పడుకుంటారు. రూములో ఒక మూల పాత కంప్యూటర్, దాని మీద తడి తువ్వాలు ఆరేయొద్దని హిందీలో కాగితం.

ఇక్కడి పద్ధతి నాకు తెగ నచ్చింది. ఈ చుట్టుపక్కల రూముల్లో పొయ్యి వాడేవాళ్లు కంపెనీ బస్సు ఎక్కేముందు కంప్యూటర్‌కు వంట అప్పజెప్పి వెళ్తారు. మనిషి షిఫ్టులో ఉన్నంతసేపూ అదీ షిఫ్టులో ఉంటుంది. తిరిగొచ్చేసరికి వండినవి సిద్ధంగా ఉంటాయి. మా ఊళ్లో ఇంట్లోంచి బయటికెళ్తూ కరెంటు బిల్లు భయంతో ఫ్రిజ్ తప్ప అన్నీ ఆపేస్తాం. నేనైతే ఫ్రిజ్ వైపు కూడా ఒకసారి చూస్తాను.

మేం బస్సు దిగి వెళ్లేసరికి యాదగిరి వంతులు పంచేశాడు. టైపింగ్ ఒక రూముకు, ఫాంట్లు ఒక రూముకు, లెక్కల ప్రోగ్రాము తనకు. పెద్ద బ్రౌజర్ రేపటికి ఉడకదని చిన్నదాన్ని సేటు గారికి వదిలాడు.

“గియ్యాల సెకండ్ షిఫ్టు ఉండె మేడం. వేరేటాయనకు చెప్పి మార్చుకున్న. కరెంటు పోతే మల్ల స్టార్టు జెయ్యాలె గదా,” అన్నాడు.

ఒడిశా నుంచి వచ్చిన అతని రూమ్మేట్ తన మంచం ఖాళీ చేసి, “బైఠియే దీదీ” అని నాకూ స్వరూపకూ ఇచ్చాడు. మక్కగారెలు వచ్చాయి. అనుకున్నట్టే కరెంటు ఒకసారి పోయింది. యాదగిరి ఏమాత్రం విసుక్కోకుండా మళ్లీ మొదలుపెట్టాడు. నేను మాత్రం విద్యుత్ శాఖను రాజమండ్రి భాషలో శుభ్రంగా తిట్టాను. ఒక్కొక్కటిగా ప్రసాదరావు గారి వంటతో సరిపోలుతూ వచ్చాయి. సరిపోలిన ప్రతిసారీ రూములో ఎవరో ఒకరు “ఓకే!” అని అరిచేవారు. స్వరూప అరవలేదు. ఇంకా ఎన్ని ఉన్నాయో చూసుకుంటూ గారె చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

చీకటి పడుతుండగా మమ్మల్ని బస్సెక్కించి, “నడుస్తయి మేడం, ఫికర్ చెయ్యకుర్రి” అన్నాడు యాదగిరి. మిగిలినవి పొద్దున్నే గిన్నెలో వేస్తానన్నాడు. వేశాడు.

మళ్లీ పంచాయతీ గది: ఆదివారం

పొద్దున అన్నీ ఎక్కించాం. కిటికీలు తెరుచుకున్నాయి, తెరుచుకునే ఉన్నాయి. తెలుగు అక్షరాలు ఒత్తులతో సహా కుదురుగా నిలబడ్డాయి. ఆడవాళ్లు ఒకరి భుజాలు ఒకరు చరుచుకున్నారు. నేను రాసిన నాలుగు ముక్కల ప్రోగ్రాము చుట్టూ ఇంతమంది మనుషులు ఇల్లు కట్టుకున్నారని నాకు అప్పటిదాకా తెలియదు. గర్వంగా ఉందని అక్కడే పైకి అనేశాను.

ఇంకో చిక్కు అప్పుడే మొదలైంది. ప్రసాదరావు గారి మొదటి వంట మాకే కాదు, పాత కంప్యూటర్లున్న ఇంకా చాలాచోట్లకు చేరింది. వాళ్లవీ ఆగిపోయాయి. మంచివి ఎక్కడున్నాయా అని వాళ్ల కంప్యూటర్లు వెతుకుతున్నాయి. ఆదివారం సేటు గారి కొట్టు మూత. బొల్లారంలో యాదగిరి మిగిలినవి వేసిన కాసేపటికే కరెంటు పోయింది. అన్నీ ఉండి, తెరిచి ఉన్నవి ప్రసాదరావు గారిల్లూ, ఈ గదీ మాత్రమే. సెంటరుకున్నది సన్నపాటి నెట్ కనెక్షన్. అడిగినవాళ్లకు పంచడానికే అది సరిపోతోంది.

బయట జీపు ఆగింది. సర్పంచ్ నర్సమ్మ గారు వస్తున్నారు. ఆవిడతో పాటే ఎరువుల డీలరూ దిగాడు.

“పంచడం కాసేపు ఆపు,” అన్నాను స్వరూపతో మెల్లగా. “ఆవిడ ముందు ఉద్యోగం దరఖాస్తు పేజీ తెరవాలి. ఈ నెట్‌తో తెరుచుకోదు. ఒక్క మీట నొక్కితే చాలు.”

స్వరూప నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. “నిన్న యాదగిరన్న షిఫ్టు ఇడిసిపెట్టి మనకిచ్చిండక్కా. గిప్పుడు మనం మూసుకుంటమా?”

నర్సమ్మ గారు మందపాటి ముతక చీరలో, నేరుగా పొలం నుంచి వచ్చినట్టున్నారు. వరసగా అన్ని కంప్యూటర్లూ చూశారు. ఒకావిడ చేత పేరు టైపు చేయించారు, ఇంకొకావిడ చేత కూడికలు చేయించి నోటితో సరిచూసుకున్నారు. తప్పు దొరకలేదు. ఆ తర్వాత, “దరకాస్తు పెట్టుడు సూపియ్యి” అన్నారు.

స్వరూప పేజీ తెరిచింది. తెల్లటి తెర అలాగే ఉంది. డీలరు దగ్గాడు. 

“గింతసేపేంది?” అన్నారు నర్సమ్మ గారు.

“నెట్టు పక్కోళ్లకు పోతున్నదక్కా. మన దగ్గరున్నయి వాళ్లు తీసుకుంటున్నరు. జెర ఆగాలె.”

“ఎవలు వాళ్లు?”

“మనలెక్కనే పాత కంప్యూటర్లు పెట్టుకున్నోళ్లు.”

“పైసలిస్తున్నరా?”

“లేదక్కా. మనకు గూడ ఉత్తగనే ఇచ్చిన్రు.”

డీలరు అందుకుని, “సూసిన్రా సర్పంచమ్మా, పంచాయతీ కరెంటు, పంచాయతీ నెట్టు, తినేది మాత్రం ఎవలో” అన్నాడు.

నర్సమ్మ గారు కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నారు. ఈలోపు దరఖాస్తు పేజీ మెల్లగా తెరుచుకుంది. ఆవిడ దాని వైపు చూడలేదు. పక్కనే కదులుతున్న పచ్చ గీత మీద వేలు పెట్టారు.

“గిదేనా పొయ్యేది? యాడికి పోతున్నది?”

తీసుకునేవాళ్లు తమకు తాము పెట్టుకున్న పేరే గిన్నెలో కనబడుతుంది. నేనే చదివి చెప్పాను. “పాడేరు హాస్టల్ అని ఉందండి. విశాఖపట్నం దాటి, కొండల్లో. ఇక్కడికి చాలా దూరం.”

“మన ఊరికెళ్లి గంత దూరం పోతున్నదా?”

“అవునండి. ఈ గదిలోంచే.”

ఆవిడ పచ్చ గీత మీంచి వేలు తీశారు. తర్వాత గుమ్మం వైపు తిరక్కుండానే డీలరుతో, “నీ బస్తాలకు వేరే జాగ సూసుకో” అన్నారు. గదిలో గుసగుసలు మొదలయ్యాయి. స్వరూప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వదిలాక గాజు గుర్తు పడి ఉంది.

“ఇన్నొద్దులు మా ఊరి పేరు బయటికి పోయిందంటే ఫ్యాక్టరీ నీళ్లకు చెరువుల చేపలు సచ్చినయన్న ముచ్చటతోనే పోయింది,” అన్నారు నర్సమ్మ గారు, నాతోనో, ఆ పచ్చ గీతతోనో. “మంచిది ఒకటి పొయ్యేది ఇదే సూస్తున్న. ఆపకుర్రి.”

బయట జీపు హారన్ కొట్టింది. ఆవిడకు ఇంకెక్కడో మీటింగు ఉందట. చెయ్యెత్తి ఆగమన్నారు. పాడేరుకు చివరి ముక్క చేరేదాకా ఆవిడ ఆ కుర్చీలోంచి లేవలేదు.